కోర్టెన్ ఉక్కులో సీరియం: 20 కిలోల హీట్ల ప్రాజెక్టు డైరీ

ఏ ఉక్కు, ఏ ప్రశ్న

వెదరింగ్ స్టీల్‌ని షాపు ఫ్లోర్ మీద అందరూ కోర్టెన్ అనే అంటారు. అమెరికాలో యూఎస్ స్టీల్ కంపెనీ 1933లో ఆ పేరుతో అమ్మకం మొదలుపెట్టింది. మన రైల్వే వ్యాగన్లకు ఐఆర్‌ఎస్ ఎం-41 అనే భారతీయ రైల్వే ప్రమాణం కింద వాడేదీ ఈ కుటుంబంలోదే. రాగి, క్రోమియం, నికెల్, కొన్ని రకాల్లో భాస్వరం కలిసి, తడుస్తూ ఆరుతూ ఉండే ఉపరితలం మీద బిగువైన తుప్పు పొర కట్టిస్తాయి. ఆ పొర కుదురుకునే లోపు దాడి మొదలయ్యే చోట్లు చాలావరకు ఇన్‌క్లూజన్లే, అంటే ఉక్కులో చిక్కుకుపోయిన లోహేతర కణాలే. అల్యూమినియంతో ఆక్సిజన్ తీసిన ఉక్కులో అవి ముఖ్యంగా రెండు రకాలు: మూలలు తేలిన గట్టి అల్యూమినా, రోలింగ్‌లో దారాల్లా సాగిపోయే మాంగనీస్ సల్ఫైడ్.

సీరియం, లాంథనం లాంటి రేర్ ఎర్త్ లోహాలు ఈ రెంటినీ మార్చగలవన్నది కొత్త సంగతి కాదు. సల్ఫైడ్ సాగకుండా గుండ్రంగా ఉంచడానికి 1970ల్లో పైపులైను ఉక్కుల్లో మిష్‌మెటల్ (రేర్ ఎర్త్ లోహాల మిశ్రమం) బాగానే వాడారు, ఆ తర్వాత కాల్షియం ఆ చోటు ఆక్రమించింది. చైనాలో మాత్రం రైల్వే కోర్టెన్‌లో రేర్ ఎర్త్ కలిపే పద్ధతి కొనసాగింది. బయాన్ ఓబో గని ఉన్న బావోటౌ ప్రాంతంలో సరుకు చేతికందేంత దగ్గర మరి.

మా ప్రశ్న చిన్నది: ఒకే ఉక్కులో సీరియం-లాంథనం మోతాదు పెంచుకుంటూ పోతే ఏ దశలో ఏ ఇన్‌క్లూజన్ వస్తుంది, అందులో తుప్పుకు మేలు చేసేది ఏది.

లక్ష్య కూర్పు శాతాల్లో: కార్బన్ 0.07, సిలికాన్ 0.40, మాంగనీస్ 0.80, భాస్వరం 0.012, రాగి 0.30, క్రోమియం 0.50, నికెల్ 0.20, అల్యూమినియం 0.03, గంధకం 0.004. అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం జీ101 లోని తుప్పు నిరోధక సూచిక ఈ కూర్పుకు సుమారు 6.5 వస్తుంది, వంతెన ఉక్కులకు అడిగేది 6.0. ఆ సూత్రంలో రేర్ ఎర్త్‌కు పదమే లేదు. అంటే మేం వెతికే తేడా కాగితం మీద కనపడదు, నాలుగు హీట్లకూ (ఒకసారి కరిగించి పోసిన ఉక్కు ఒక హీట్) సూచిక ఒకటే.

ఛార్జి లెక్క

ఫర్నేసు 25 కిలోల వాక్యూమ్ ఇండక్షన్. హీటుకు 20 కిలోలు. రాగి 60 గ్రాములు, నికెల్ 40, క్రోమియం 100, సిలికాన్ 80, మాంగనీస్ 160, అల్యూమినియం 6. మాంగనీస్ కొంత ఆవిరైపోతుంది కాబట్టి దాన్ని ఐదారు శాతం ఎక్కువ తూచాం. గంధకం ముడి ఇనుములో ఎంతుందో ముందే కొలిచి, తక్కువైన మేరకు ఐరన్ సల్ఫైడ్ కలపాలి. ఒక గ్రాము ఐరన్ సల్ఫైడ్‌లో గంధకం 0.365 గ్రాములు.

ఇక అసలు లెక్క. మొత్తం ఆక్సిజన్ 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతులు), గంధకం 40 పీపీఎం అనుకుందాం. 20 కిలోల్లో ఆక్సిజన్ 0.4 గ్రాములు, గంధకం 0.8 గ్రాములు. ఆక్సిజన్ అంతా సీరియం ఆక్సీసల్ఫైడ్‌గా మారాలంటే సీరియం 3.5 గ్రాములు కావాలి, దాంతోపాటు గంధకం 0.4 గ్రాములు ఖర్చవుతుంది. మిగిలిన 0.4 గ్రాముల గంధకాన్ని సల్ఫైడ్‌గా పట్టుకోవడానికి ఇంకో 1.2 నుంచి 1.75 గ్రాములు. మొత్తం దాదాపు 5 గ్రాములు, అంటే 250 పీపీఎం. లాంథనం, నియోడిమియం పరమాణు భారాలు సీరియంకు దగ్గరే కనుక మిష్‌మెటల్ మొత్తానికీ ఇదే లెక్క నడుస్తుంది.

ఇప్పుడు ఆక్సిజన్ 20 కాదు, 50 పీపీఎం అనుకోండి. గంధకం మాటే ఎత్తకుండా, ఒట్టి ఆక్సైడ్ కట్టడానికే 5.8 గ్రాములు పోతుంది. మొదటి హీటు కరిగించకముందే ఈ లెక్క మాకు ప్రాజెక్టు దిశ చెప్పేసింది. సీరియం ఇక్కడ నికెల్, క్రోమియంల్లాంటి మిశ్రమ మూలకం కాదు. ఉక్కులో ఉన్న ఆక్సిజన్, గంధకాల మీద ఖర్చయిపోయే రసాయనం. అందుకే "ఎంత శాతం కలిపారు" అన్న సంఖ్య ఒక్కటే చెబితే దానికి అర్థం లేదు. పక్కన ఆక్సిజన్, గంధకం సంఖ్యలు కూడా ఉండాలి. ఈ రంగంలో ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగకపోవడానికి సగం కారణం ఇదేనని మా అభిప్రాయం.

వేసినదంతా ఉక్కులో మిగలదు కాబట్టి హీట్లు ఇలా పెట్టుకున్నాం: ఎ కు రేర్ ఎర్త్ లేదు, బి కు 4 గ్రాములు, సి కి 9 గ్రాములు, డి కి 18 గ్రాములు. సి లో సగం నిలిస్తే పై లెక్కకు దగ్గరగా వస్తుంది.

మిష్‌మెటల్‌తో జాగ్రత్తలు

మిష్‌మెటల్‌లో సుమారు సగం సీరియం, పాతిక శాతం పైచిలుకు లాంథనం, మిగతాది నియోడిమియం, ప్రాసియోడిమియం. లైటర్‌లో నిప్పు రాల్చే రాయి ఈ లోహానికి ఇనుము కలిపి చేసిందే. కాబట్టి రంపంతో కోస్తే ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. నూనె పోస్తూ చేతి రంపంతో నిదానంగా కోయాలి, పొట్టును వెంటనే నూనెలోకి ఊడ్చేయాలి. పక్కన పొడి ఇసుక, లోహపు మంటలకు వాడే డి తరగతి పొడి ఉండాలి. నీళ్లు, కార్బన్ డయాక్సైడ్ సిలిండరు దీని దగ్గరికి రాకూడదు.

నిల్వ మినరల్ ఆయిల్‌లో. తూకానికి ముందు అసిటోన్‌తో కడిగి, పైన బూడిద రంగు పెచ్చు ఉంటే గీకి తీసేయాలి. ఆ పెచ్చు ఆక్సైడే. దాన్ని అలాగే వేస్తే తూకంలో సీరియం అని రాసుకున్నది నిజానికి బయటి నుంచి తెచ్చిన ఇన్‌క్లూజన్ అవుతుంది.

మన దగ్గర భీమిలి, భావనపాడు తీరపు ఇసుకలో మోనజైట్ ఉంది. అయితే థోరియం ఉన్న ఖనిజం కనుక అది అణుశక్తి నియమాల అదుపులో ఉంటుంది, ఇసుక నుంచి లోహం దాకా దారి పొడవు. ప్రయోగశాలకు కావలసిన పది ఇరవై గ్రాములు రసాయనాల డీలరు దగ్గర కొనుక్కోవడమే.

కరిగించడం

క్రూసిబుల్ (ఉక్కు కరిగించే పాత్ర) మెగ్నీషియాది. అల్యూమినాది వద్దు: సీరియం దాని గోడనే క్షయింపజేసి సీరియం అల్యూమినేట్ చేసుకుంటుంది, ఆ పెచ్చులు ఉక్కులోకి రాలతాయి. మెగ్నీషియా కూడా పూర్తిగా అంటుముట్టనిది కాదు గానీ నయం. దాని బైండరులో సిలికా ఎంతుందో చూసి కొనాలి.

వరుస ఇది. ఇనుము, నికెల్, రాగి, క్రోమియం కరిగాక వాక్యూమ్‌లో కార్బన్ వేసి ఆక్సిజన్‌ను కార్బన్ మోనాక్సైడ్‌గా లాగేయాలి. బుడగలు తగ్గగానే ఆపాలి. ఇంకా ఉంచితే కార్బన్ క్రూసిబుల్‌లోని మెగ్నీషియాను తినడం మొదలెడుతుంది, మెగ్నీషియం ఉక్కులోకి చేరి స్పినెల్ (మెగ్నీషియం, అల్యూమినియంల ఆక్సైడ్) ఇన్‌క్లూజన్లు పుడతాయి. తర్వాత ఆర్గాన్‌ను సుమారు 50 కిలోపాస్కల్ దాకా నింపి సిలికాన్, మాంగనీస్, అల్యూమినియం, ఆపై ఐరన్ సల్ఫైడ్. నాలుగైదు నిమిషాలు ఆగి, 1600 డిగ్రీల దగ్గర చివరగా రేర్ ఎర్త్.

మిష్‌మెటల్ సాంద్రత 6.7 చిల్లర, ద్రవ ఉక్కుది 7.0. ఊరికే జారవిడిస్తే తేలుతుంది, పైనున్న మడ్డితో చర్య జరిపి అక్కడే అయిపోతుంది. పలుచని స్వచ్ఛ ఇనుప రేకులో గట్టిగా చుట్టి, ఇనుప కడ్డీ కొసకు బిగించి అడుగుదాకా ముంచాలి. కాల్షియంతో వచ్చే చిటపటలు, ఆవిరి ఇక్కడ ఉండవు. కాల్షియం 1484 డిగ్రీలకే మరుగుతుంది, సీరియం మరిగేది 3400 డిగ్రీలు దాటాక. రేకు కరిగి లోహం విడుదలయ్యాక ఇండక్షన్ వల్ల ద్రవం దానంతటదే కలియడం చాలు.

రెండు మూడు నిమిషాల్లో పోసేయాలి. ఎక్కువసేపు ఉంచితే ఇన్‌క్లూజన్లు తేలి ఉక్కు శుభ్రపడుతుందని అనిపిస్తుంది గానీ, లెక్క చూడండి. ఆక్సీసల్ఫైడ్ సాంద్రత సుమారు 6.0, ఉక్కుతో తేడా 1.0 మాత్రమే. అల్యూమినాకు ఆ తేడా 3.0. స్టోక్స్ సూత్రం ప్రకారం 5 మైక్రాన్ల ఆక్సీసల్ఫైడ్ బంతి సెకనుకు 2.3 మైక్రాన్లు లేస్తుంది. మూడు నిమిషాలకు అర మిల్లీమీటరు కూడా కాదు. అదే పరిమాణం అల్యూమినా దానికి మూడింతలు లేస్తుంది. ఈలోగా జరిగేది మరొకటి: సీరియం క్రూసిబుల్ గోడతోనూ, లీకు గాలితోనూ చర్య జరుపుతూ తరిగిపోతుంది, కణాలు ఒకదానికొకటి అతుక్కుని గుత్తులు కడతాయి. రేర్ ఎర్త్ ఉక్కును శుభ్రం చేసే మందు కాదు. శుభ్రమైన ఉక్కులో మిగిలిపోయిన కొద్దిపాటి మలినాల స్వభావం మార్చేది. శుభ్రత పని అంతకు ముందే అయిపోవాలి.

అచ్చును 200 డిగ్రీల దగ్గర ఆరబెట్టి వాడాం. గరాటుకు అల్యూమినా బదులు మెగ్నీషియా పూత. 80 మిల్లీమీటర్ల చదరపు ఇంగాట్ (పోత దిమ్మె), పైభాగం చివరగా గడ్డకట్టేలా హాట్ టాప్. 1200 డిగ్రీలకు వేడిచేసి, చివరి పాసు 870 దగ్గర ముగిసేలా 12 మిల్లీమీటర్ల పలకగా రోల్ చేశాం.

డి హీటు పోశాక క్రూసిబుల్ లోపలి గోడకు మందమైన జిగురు పూత అంటుకుని కనపడింది. వేసిన 18 గ్రాముల్లో గణనీయమైన వాటా అక్కడే ఉంది. మోతాదు పెంచినకొద్దీ దిగుబడి తగ్గడానికి ఇదే దారి.

నమూనా పాలిష్: ఇక్కడే ఎక్కువ మంది తప్పిపోతారు

రేర్ ఎర్త్ సల్ఫైడ్‌కు నీళ్లు పడవు. మామూలు పద్ధతిలో నీటితో పాలిష్ చేస్తే ఇన్‌క్లూజన్ కరిగో ఊడిపోయో గుంట మిగులుతుంది. మైక్రోస్కోపు కింద అది సూక్ష్మరంధ్రంలా కనపడి, "ఈ హీట్‌లో ఇన్‌క్లూజన్లు తగ్గాయి" అనే అబద్ధపు నిర్ధారణకు దారి తీస్తుంది. ఎమెరీ కాగితాలు 1200 దాకా నీటితో పర్వాలేదు, ఆపైన ఇథనాల్‌తోనే. డైమండ్ 3, 1 మైక్రాన్ పేస్టులు నీరు లేని రకం. పూర్తయిన వెంటనే ఆరబెట్టి డెసికేటర్‌లో పెట్టాలి. సీరియం ఆక్సైడ్ పాలిషింగ్ పొడి ఉన్న గదిలో ఈ నమూనాలు చేయకూడదు, గుడ్డకు అంటిన రేణువు చాలు నకిలీ ఇన్‌క్లూజన్ పుట్టించడానికి. అల్యూమినా సస్పెన్షన్‌కూ ఇదే వర్తిస్తుంది.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ఇంకో ఉచ్చు. బ్యాక్‌స్కాటర్ బొమ్మలో ఇనుము కన్నా తేలిక మూలకాలు నల్లగా, బరువైనవి తెల్లగా వస్తాయి. అల్యూమినా, మాంగనీస్ సల్ఫైడ్ నలుపు. సీరియం పరమాణు సంఖ్య 58, ఇనుముది 26. కాబట్టి కొత్త ఇన్‌క్లూజన్లు మెరిసే తెల్లచుక్కలు. ఆటోమేటిక్ లెక్కింపు ప్రోగ్రాము నల్లచుక్కలకే అమర్చి ఉంటే వీటిని ఒక్కటీ ఎంచదు. సి హీట్‌ను పాత సెట్టింగుతో నడిపితే ఉక్కు అద్భుతంగా శుభ్రంగా ఉన్నట్టు నివేదిక వచ్చింది! రెండు థ్రెషోల్డ్‌లు పెట్టి, నలుపు తెలుపు వేర్వేరుగా లెక్కించాలి. సీరియం నడుమ, మాంగనీస్ సల్ఫైడ్ చుట్టూ ఉన్న మిశ్రమ కణాన్ని ఒకటిగానే లెక్కపెట్టేలా దగ్గరి చుక్కలను కలపమని చెప్పాలి.

ఎక్స్-రే వర్ణపటంలో సీరియం ఎల్-ఆల్ఫా 4.84 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, టైటానియం కె-బీటా 4.93 దగ్గర ఉంటాయి. లాంథనం 4.65, టైటానియం కె-ఆల్ఫా 4.51. టైటానియం కూడా ఉన్న కోర్టెన్ రకాల్లో ఈ రెండూ కలగాపులగం అవుతాయి. సీరియం ఎల్-బీటా 5.26 క్రోమియం 5.41 కు ఆనుకునే ఉంటుంది. ఆక్సిజన్ శాతాన్ని ఈ పద్ధతిలో నమ్మలేం, అందువల్ల నిష్పత్తులు చూడాలి: సీరియం, లాంథనంల పరమాణువులు కలిపి లెక్కేస్తే, గంధకానికి రెండింతలుంటే ఆక్సీసల్ఫైడ్, అల్యూమినియంకు సమానంగా ఉంటే అల్యూమినేట్.

గుత్తుల అసలు ఆకారం కోతలో తెలియదు. 10 శాతం అసిటైల్ అసిటోన్, 1 శాతం టెట్రామిథైల్ అమోనియం క్లోరైడ్, మిగతాది మిథనాల్. ఈ ద్రావణంలో విద్యుత్ విశ్లేషణతో ఇనుమును కరిగించి ఇన్‌క్లూజన్లను ఫిల్టరు మీద పట్టాం. ఆమ్లంతో కరిగించే పద్ధతిలో సల్ఫైడ్లు పోతాయి.

ఏం కనపడింది

ఎ హీట్ ఊహించినట్టే: అల్యూమినా గుత్తులు, రోలింగ్ దిశలో సాగిన మాంగనీస్ సల్ఫైడ్.

బి హీట్ ఆసక్తికరం, నిరాశ కూడా. సీరియం ముందుగా అల్యూమినా మీద పడి, దాన్ని సీరియం అల్యూమినేట్‌గా మార్చి ఆగిపోయింది. గంధకం దాకా రాలేదు; మాంగనీస్ సల్ఫైడ్ ఇంకా ఉంది, కొన్ని చోట్ల అల్యూమినేట్ గింజ చుట్టూ అంటుకుని. అల్యూమినేట్ గట్టిది, మూలలున్నది, రోలింగ్‌లో వంగదు. "రేర్ ఎర్త్ కలిపిన ఉక్కు" అని చీటీ అంటించుకోవచ్చు తప్ప లాభం తక్కువ.

సి లో చాలావరకు ఆక్సీసల్ఫైడ్ గుండ్రటి కణాలు, ఎక్కువ భాగం 1 నుంచి 3 మైక్రాన్లు. సాగిన సల్ఫైడ్ దారాలు దాదాపు మాయం. కారణం సూటిగా ఉంది: ఆక్సిజన్ తగినంత పడిపోయాక సీరియం గంధకాన్నీ పట్టుకుంటుంది, ద్రవ ఉక్కులోనే గట్టి కణంగా పుడుతుంది, కరిగే ఉష్ణోగ్రత చాలా ఎక్కువ కాబట్టి రోలింగ్ వేడిలో మెత్తబడదు. మాంగనీస్ సల్ఫైడ్ అలా కాదు, ఉక్కు గడ్డకట్టే చివరి దశలో డెండ్రైట్ల (కొమ్మల్లా పెరిగే స్ఫటికాల) నడుమ పుట్టి, రోలింగ్‌లో మెత్తగా సాగుతుంది.

డి లో గుత్తులు. ఇంగాట్ అడుగు భాగంలో పైభాగం కన్నా దట్టంగా ఉన్నాయి, కణాలు ఉక్కుకు దాదాపు సమాన బరువు కావడంతో గడ్డకట్టే స్ఫటికాలతో పాటు కిందికి దిగాయి. కొన్ని కణాల అంచుల్లో భాస్వరం కూడా దొరికింది. ఆక్సిజన్, గంధకం అయిపోయాక మిగిలిన సీరియం భాస్వరం, ఆర్సెనిక్‌ల వైపు వెళుతుంది. భాస్వరాన్ని తుప్పు నిరోధం కోసమే పెట్టుకున్న కోర్టెన్ రకాల్లో ఇది రెట్టింపు నష్టం. మోతాదు ఇంకా మించితే ఇనుము-సీరియం లోహదశలు రేణువుల సరిహద్దుల్లో చేరి, వేడి పనిలో పగుళ్లకు దారి తీస్తాయి; డి లో అక్కడి దాకా పోలేదు.

తుప్పు పరీక్షలు

మొదట ఒక్కొక్క ఇన్‌క్లూజన్ దగ్గర ఏమవుతుందో చూడటం. కావలసిన కణానికి కనీసం 100 మైక్రాన్ల దూరంలో వికర్స్ గట్టిదనం పరీక్ష సూదితో గుర్తులు వేసి చోటు పట్టుకోవాలి. దగ్గరగా వేస్తే నలిగిన లోహమే ముందు తుప్పుపట్టి మోసం చేస్తుంది. 0.01 మోలార్ సోడియం బైసల్ఫైట్‌లో కొద్ది నిమిషాలు ముంచి, ఇథనాల్‌తో కడిగి, అదే కణాన్ని మళ్లీ చూడటం.

అల్యూమినా, అల్యూమినేట్ కరగవు. వాటి అంచున ఉక్కు కరిగి సన్నని లోతైన సందు పడుతుంది. మాంగనీస్ సల్ఫైడ్ తనూ కరిగి, దారం పొడవునా కాలువ తవ్వి, అందులో గంధకపు అయాన్లను వదులుతుంది. సి హీట్‌లోని ఆక్సీసల్ఫైడ్ మాత్రం చుట్టూ ఉన్న ఉక్కు కన్నా ముందు తానే కరిగింది. మిగిలింది వెడల్పైన, లోతు తక్కువ గుంట. కరిగిన సీరియం, కేథోడ్ చర్యతో క్షారత పెరిగే చోట్ల హైడ్రాక్సైడ్‌గా దిగి ఆ చర్యను అడ్డుకుంటుందన్న వివరణకు ఇది సరిపోతుంది. ఆమ్ల ద్రావణంలో ఆ హైడ్రాక్సైడ్ నిలవదు కాబట్టి బైసల్ఫైట్ పరీక్ష ఒక్కదానితో దాన్ని నిరూపించినట్టు రాసుకోవడం కుదరదు. తటస్థ ఉప్పు ద్రావణంలోనూ చేయాలి.

బరువు నష్టానికి తడి-పొడి చక్రాల పరీక్ష: 60×40×4 మిల్లీమీటర్ల పలకలు, 45 డిగ్రీలు, 70 శాతం తేమ, గంట చక్రంలో 12 నిమిషాలు ముంచడం, 72 గంటలు. ఉప్పు పొగ పరీక్ష అడిగేవాళ్లు ఉంటారు. అందులో నమూనా ఆరదు, ఆరకపోతే రక్షణ పొర కట్టదు, కోర్టెన్‌కూ మామూలు ఉక్కుకూ తేడా కనపడదు. తుప్పు తీయడానికి 500 మిల్లీలీటర్ల గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, 3.5 గ్రాముల హెక్సామిథిలీన్ టెట్రమిన్, నీటితో లీటరు. తుప్పు లేని పలకను కూడా అంతే సేపు ముంచి, ఆ నష్టాన్ని తీసివేయాలి.

తుప్పు పొరలో గోథైట్, లెపిడోక్రోసైట్ అనే రెండు ఐరన్ ఆక్సీహైడ్రాక్సైడ్ల నిష్పత్తికి ఎక్స్-రే డిఫ్రాక్షన్ కావాలి. రాగి ట్యూబు ఇనుమును ప్రకాశింపజేసి నేపథ్యం పెంచేస్తుంది. కోబాల్ట్ ట్యూబు గానీ మోనోక్రోమేటర్ గానీ అడగాలి. నాలుగు హీట్ల పలకలూ ఇంకా చక్రంలోనే ఉన్నాయి.

ఒక హద్దు ముందే గీసుకున్నాం. సముద్రపు ఉప్పు రోజుకు చదరపు డెసిమీటరు మీద 0.05 మిల్లీగ్రాములు దాటి పేరుకునే చోట మామూలు కోర్టెన్‌ను రంగు లేకుండా వాడకూడదన్నది జపాన్ వంతెనల నియమం. విశాఖ బీచ్ పక్కన కట్టడానికి ఇన్‌క్లూజన్లు మార్చడం ఒక్కటే సమాధానం కాదు.

తర్వాతి పనులు

ప్లాంటుకు వెళితే అసలు అడ్డంకి నాజిల్, అంటే కాస్టరులో (నిరంతరం పోత పోసే యంత్రం) ద్రవ ఉక్కు అచ్చులోకి దిగే గొట్టం. అల్యూమినా-గ్రాఫైట్ నాజిల్ గోడకు సీరియం ఇన్‌క్లూజన్లు అతుక్కుని రంధ్రం మూసుకుపోతుంది, ప్రవాహం తగ్గకుండా ఉంచడానికి టండిష్ (అచ్చు పైనుండే ద్రవ ఉక్కు తొట్టి) స్టాపరు రాడ్ పైకి జరుగుతూ పోతుంది. అచ్చులో ఉక్కు మీద చల్లే మోల్డ్ పౌడరులో చేరిన రేర్ ఎర్త్ ఆక్సైడ్ దాని చిక్కదనం పెంచుతుంది. 20 కిలోల ఇంగాట్‌లో ఈ సమస్య తలెత్తదు కాబట్టి మా సి హీట్ బాగుందని కాస్టరు మీద బాగుంటుందని కాదు. అల్యూమినా-గ్రాఫైట్, మెగ్నీషియా, జిర్కోనియా కడ్డీలను సి కూర్పు ద్రవ ఉక్కులో ముంచి, తీసి, అడ్డంగా కోసి చూసే ప్రయోగానికి కడ్డీలు తెప్పిస్తున్నాం.

ఇంకో హీట్: సి మోతాదే, గంధకం మాత్రం 120 పీపీఎం. ఐరన్ సల్ఫైడ్ అదనంగా 4.4 గ్రాములు వేయాలి. మిష్‌మెటల్ 9 గ్రాములే ఉంచితే మళ్లీ మాంగనీస్ సల్ఫైడ్ తలెత్తుతుందనే మా అంచనా. ఆక్సిజన్‌ను 15 పీపీఎం కిందికి దించి 6 గ్రాములతోనే సి ఫలితం వస్తుందేమో అన్నది ఆ తర్వాతి హీట్. దానికి ముందు ఫర్నేసు తలుపు సీలు మార్చి లీకు రేటు కొలవాలి.